ఓనరమ్మ గదులు

మా పిన్ని ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ నీళ్లు నములుతుంది. "ఇళ్లు సర్దుతుంది" అంటుంది. అది అబద్ధం కాదు. సర్దిన ఇల్లు మర్నాడు తగలబెడతారన్న ముక్క మాత్రం మింగేస్తుంది.

ఊరి చివర, ఇటుకబట్టీ దాటాక, అగ్నిమాపక శాఖ శిక్షణ మైదానం ఉంది. అక్కడ వరసగా గదులు కడతారు. మూడు గోడలు, పైకప్పు, ముందువైపు ఖాళీ. నాటకాల వాళ్లు వేసే సెట్టులా ఉంటాయి. వాటిలో పాత మంచాలు, సోఫాలు, కిటికీ తెరలు పెట్టి, నిజంగా ఎవరో కాపురం ఉంటున్నట్టే సర్ది నిప్పు పెడతారు. చల్లారాక మాలాంటివాళ్లని లోపలికి తోలి, మంట ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది, చెప్పండి అంటారు. కాలేజీ మధ్యలో వదిలేసి ఫైర్‌మన్‌గా చేరినవాణ్ణి నేను. పుస్తకం ముందు కూర్చోమంటే నాకు ఒళ్లంతా చీమలు పాకుతాయి గాని, బూడిదలో గొంతుక్కూర్చుని వెతకమంటే పూటంతా కూర్చుంటాను.

పిన్ని అక్కడ చేరడానికి కారణం నా నోరే. గదులు సర్దడానికి మనిషి దొరకడం లేదట, కూలీలు మంచం ఓ మూల పడేసి పోతున్నారట అని ఒకరోజు భోజనాల దగ్గర వాగాను. ఎవరూ పట్టించుకోలేదు. పిన్ని మాత్రం కంచంలోంచి తలెత్తి, "నేను వెళ్తా" అంది.

"నీకేం పోయేకాలమే?" అంది మా అమ్మ.

"ఎలా అంటుకుంటుందో చూడాలి."

పిన్ని షాపు కాలిపోయి అప్పటికింకా ఏడాది కాలేదు.

పిన్నిది కుట్టుపని. మా అమ్మమ్మ పోయేనాటికి మా అమ్మకి పెళ్లయిపోయింది. పిన్ని ఇంకా బడిలోనే ఉంది. మావయ్యకైతే చెప్పుల్లో ఏది కుడో ఏది ఎడమో తెలియని వయసు. వాణ్ణి సాకడానికి పిన్ని చదువుకి దణ్ణం పెట్టి, పక్కింటావిడ దగ్గర మిషను నేర్చుకుంది. మొదట కుట్టిన చొక్కా మావయ్యకే. కాలరు ఒకవైపు చెవి దాకా లేచిందట, రెండోవైపు భుజం మీద పడుకుందట. "అదే ఫ్యాషన్ రా" అని నమ్మించి బడికి తోలింది. పెళ్లి మాట ఎవరెత్తినా, "ముందు వీడు ఒడ్డున పడనీ" అనేది. వాడు ఒడ్డున పడుతూనే ఉన్నాడు, ఏళ్లు గడుస్తూనే ఉన్నాయి.

తర్వాత బస్టాండు వెనక సందులో షాపు పెట్టింది. పక్కనే వాచీలు బాగుచేసే పెద్దాయన కొట్టు. రెంటికీ మధ్య ఉన్నది చెక్కగోడ. ఊరంతా ఆయన్ని వాచీల బాబాయి అంటుంది. నాకు తాతయ్య.

"నీ మిషను దడకి నా గడియారాలు ముందుకి పరిగెడుతున్నాయే" అని ఆయన గోడ అవతల్నుంచి అరిచేవాడు.

"పరిగెట్టనివ్వండి బాబాయ్, మీకూ తొందరగా పొద్దుపోతుంది" అని పిన్ని ఇవతల్నుంచి.

పిన్ని నోరు అలాంటిది. ప్యాంటు ఇంకా బిగించమన్న కుర్రాడితో, "బిగిస్తా. నిలబడి ఉన్నంతసేపూ నీది. కూర్చుంటే లోకానిది" అని చెప్పి పంపింది. అలాంటి మనిషి ఒక్క మధ్యాహ్నంతో మారిపోయింది.

ఆ మధ్యాహ్నం పిన్ని భోజనానికి ఇంటికొచ్చింది. షాపులో మావయ్య ఉన్నాడు. కాసేపాగి వాడు షట్టరు సగం దించి టీకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి షట్టరు కింద నుంచి పొగ. కబురందుకుని పిన్ని చెప్పుల్లేకుండా పరిగెత్తింది. రోడ్డు మీద నిలబడి, "ఇస్త్రీపెట్టె ఆపానా? ఒరే తమ్ముడూ, ఆపానా నేను?" అని అరిచింది. మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నోరు విప్పలేదు. సాయంత్రానికి ఆ ప్రశ్న తోకలో ఉన్న సందేహం ఊడిపోయింది. ఇస్త్రీపెట్టె ఆపకుండా వచ్చింది అన్నారు జనం. పిన్ని కూడా అలాగే అంది. విచారణకొచ్చినవాళ్లు అడిగితే అదే చెప్పింది. వాళ్లూ అదే రాసుకుపోయారు.

వాచీల బాబాయి ముందే బయటికొచ్చేశాడు. వచ్చి ఊరుకుంటే బాగుండేది. పరాయి వాచీలు లోపలున్నాయంటూ మళ్లీ దూరాడు. వాచీల పళ్లెం తెచ్చాడు గాని రెండు చేతులూ కాల్చుకున్నాడు. వేళ్లు వంగి బిగుసుకుపోయాయి. వాచీలో మర పట్టుకునే చిమటా ఇప్పుడు ఆయన వేళ్ల మధ్య నిలవదు. చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోలేడు. ఒంటరి మనిషి. పిన్ని రోజూ పొద్దున్నే వెళ్లి చేతులకి మందు రాసి, బొత్తాలు పెట్టి, టీ గ్లాసు నోటికందించి వస్తుంది. ఆ తర్వాత మిషను ముట్టలేదు. పొయ్యి ఆపానో లేదో అని సగం దారిలో బస్సు దిగి వెనక్కొచ్చేది. ఇల్లు తాళం వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసేది. మా అమ్మ తిట్టి తిట్టి విసిగిపోయింది.

మైదానంలో మాత్రం పిన్ని చెయ్యి మళ్లీ చురుగ్గా ఆడింది. మంచం వేస్తే దిండు మీద తల పెట్టుకున్నంత గుంట చేస్తుంది. గుమ్మం దగ్గర ఒక చెప్పు తిరగేసి పడేస్తుంది. కిటికీలో సగం తాగిన టీ గ్లాసు ఉంచుతుంది. కాల్చబోయే ప్రతి గదికీ ఆమే సొంతదారులా తిరుగుతుంది కాబట్టి శిక్షణకొచ్చినవాళ్లు ఓనరమ్మ అని పేరు పెట్టారు. మా బ్యాచ్‌లో పోలీసు శాఖ పంపిన ఒక కానిస్టేబుల్ ఉన్నాడు, నోటికి గొళ్లెం లేని మనిషి.

"ఓనరమ్మగారూ, ఈసారి ఏసీ గది పెట్టండి. కాస్త చల్లగా కాలుతుంది" అన్నాడు.

"నీకు బాత్రూమ్ సర్దుతాలే. అది ఎలాగూ కాలదు, నువ్వు తప్పు చెప్పే భయమూ ఉండదు."

గది తగలబెట్టేటప్పుడు మాత్రం ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. తాడు కట్టిన హద్దు దగ్గర నిలబడి మొదటి పొగ నుంచి పైకప్పు కూలేదాకా చూసేది. ముఖం ఎర్రబడి చెమటలు కారుతున్నా అక్కణ్ణుంచి కదిలేది కాదు.

మాకు నేర్పేది ఒక రిటైరైన అధికారి. గోళ్ల నిండా ఎప్పుడూ నలుపే, అందుకని మసి మాస్టారు. మొదటి రోజే చెప్పాడు. "ఎవరు అన్న మాట గేటు బయట వదిలేసి రండి. ఎక్కడ, ఎలా. ఈ రెంటినే లోపలికి రానిస్తా. ఎవరు అని మొదలెట్టారా, మీ కళ్లు వాణ్ణే వెతుకుతాయి. బూడిదని చూడవు."

ఆయన పద్ధతి ఒకటుంది. జంటగదులు. ఒకే కొలత, ఒకే సామాను, ఒకే సర్దుడు. కానీ మంట పుట్టే చోటు వేరు. పైకి చూస్తే రెండూ ఒకేలా కాలతాయి. తేడా కనిపెట్టాలంటే లోపలికి దిగి, ఒక్కో పొరా ఎత్తుతూ పోవాలి. పైన కూలిన కప్పు, దాని కింద తెరలు, దాని కింద ముందుగా పడినవి. పారలు నిషేధం. తాపీ, బ్రష్షు, జల్లెడ.

ఈసారి జంటగదులకి చిన్న షాపు కావాలన్నాడు మాస్టారు. ఏ షాపో చెప్పలేదు. పిన్నికి తెలిసిన షాపు ఒక్కటే.

కాలేదాకా మమ్మల్ని గదుల దరిదాపులకి రానివ్వరు. కాబట్టి ఎడమ గది మా జట్టుకిచ్చి తాపీ చేతిలో పెట్టాకే నేను లోపలికి చూశాను. కుట్టుమిషను అస్థిపంజరం గుమ్మం వైపు తిరిగి ఉంది. కుడిగోడకి కత్తిరింపుల బల్ల. దాని కింద గుడ్డపీలికల సంచి ఉండాలి అనుకున్నాను, ఉంది. ఎడమవైపు ఇస్త్రీబల్ల ఉండాలి, ఉంది. తాపీ కింద పెట్టి వెనక్కి తిరిగాను. తాడు అవతల పిన్ని చీపురు పట్టుకుని, ఎటో ఆకాశంలోకి చూస్తోంది.

కానిస్టేబుల్ చుట్టూ ఒకసారి కలియజూసి చేతులు దులుపుకున్నాడు.

"ఇంకేముంది, ఇస్త్రీపెట్టె. ఆడవాళ్లు మర్చిపోతారు. చెప్పేసి టీకి పోదాం పదండి."

"నోరు ముయ్యి" అన్నాను.

"నీకెందుకయ్యా అంత కోపం? నీ షాపా?"

మాస్టారు తాపీతో బల్ల మీద టకటకా కొట్టాడు. "ఎవరు మర్చిపోతారో గేటు దగ్గర వదిలేశాం. పెట్టె ఎత్తండి. మెల్లగా."

పెట్టె పిడి కరిగి పక్కకి జారింది. పైరేకు బొబ్బలెక్కి నల్లబడింది. చుట్టూ బల్ల మీది దుప్పటి పూర్తిగా బొగ్గు. నేను రెండు చేతులతో పట్టుకుని నిట్టనిలువునా పైకి లేపాను.

కింద పసుపుపచ్చ.

ముందు మొన, వెనక గుండ్రం, అచ్చంగా పెట్టె ఆకారంలో దుప్పటి ముక్క. సన్న ఆకుపచ్చ గీతలు కూడా చెక్కుచెదరలేదు. అంత నలుపులో అది చూస్తే అప్పుడే ఎవరో పరిచి వెళ్లినట్టుంది.

"మాడిందా?" అన్నాడు మాస్టారు.

"లేదు సార్."

"కనీసం గోధుమరంగు తిరిగిందా?"

"లేదు."

మమ్మల్ని కుడి గదికి తీసుకెళ్లి అక్కడి పెట్టె తనే ఎత్తాడు. కింద దుప్పటి లేదు. బల్లచెక్క కూడా పెట్టె ఆకారంలోనే లోతుగా బొగ్గయి, మధ్యలో చిల్లు పడింది.

"ఈ పెట్టె తనంతట తాను ఆగని పాతరకం. దీన్ని వేడిగా వదిలేశాను. నిప్పు కిందకే దిగింది. మీ గదిలోది చల్లగా ఉంది. మంట వేరేచోట పుట్టి పైనుంచి వచ్చింది. పెట్టె తన కిందున్న గుడ్డని గొడుగు పట్టి కాపాడింది. చల్లటి పెట్టె నిప్పు పెట్టదు." మళ్లీ మా గదికి తెచ్చి గోడ చూపించాడు. కత్తిరింపుల బల్ల వెనక, కింద సన్నగా మొదలై పైకి విచ్చుకున్న మచ్చ. దాని మొదట్లో గుడ్డపీలికల సంచి. "ఆర్పని సిగరెట్టు ముక్క. సంచిలో వేశాను. చాలాసేపు లోలోపల రగిలి, తర్వాత లేచింది."

అప్పుడు పిన్ని తాడు కింద నుంచి దూరి లోపలికొచ్చింది. అలా ఎవరూ రాకూడదు. మాస్టారు వద్దనబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. ఆమె ఇస్త్రీబల్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పసుపు ముక్క మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంకోసారి చెప్పండి సార్."

ఆయన చెప్పాడు.

"నా షాపులో నీలం. మర్నాడు బూడిద ఎత్తేటప్పుడు పెట్టె నేనే తీశా. కింద నీలంగా ఉంది. మడత కూడా నలగలేదు. ఇదొక్కటి మిగిలింది చూడు, దేనికి పనికొస్తుంది అనుకున్నా."

"ఫోటో ఏమైనా తీశారా అమ్మా?"

"లేదు."

"ఆ గుడ్డ?"

"మిగతా బూడిదతోనే ఊడ్చేశా."

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. మసి ఇంకా పులుముకుంది. "నేను చూడని గది గురించి నేను చెప్పకూడదమ్మా. ఇన్నాళ్లయ్యాక, మీ జ్ఞాపకం ఒక్కటే పట్టుకుని, ఏ అధికారీ ఆ కేసు తిరగదోడడు."

"నాకు అధికారులతో పనిలేదు సార్. నేను ఆపానా లేదా, అది అడుగుతున్నా."

"మీరు చూసింది చూసినట్టే చెబుతుంటే, ఆపారు."

పిన్ని లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, కానిస్టేబుల్ వైపు తిరిగింది. "విన్నావా? ఆడవాళ్లు ఆపుతారు."

సాయంత్రం బస్సులో ఆమె కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఇద్దరం ఒకటే ఆలోచిస్తున్నాం, మావయ్య చాటుగా కాల్చే సిగరెట్ల గురించి. మాస్టారు గేటు బయట వదలమన్న మాట అక్కడే కాచుకుని ఉండి మాతోపాటు బస్సెక్కినట్టుంది.

ఇంటి ముందు మావయ్య వ్యాను కడుగుతున్నాడు. వాడిప్పుడు బడిపిల్లల వ్యాను తోలుతున్నాడు. పిన్ని చెప్పులు కూడా విడవలేదు.

"తమ్ముడూ, ఆ రోజు సిగరెట్టు ఎక్కడ పడేశావు?"

గొట్టంలోంచి నీళ్లు చక్రం మీదే పడుతున్నాయి. "ఏ రోజు?"

"నీకు తెలుసు."

వాడు నా వైపు చూశాడు. "వీడు ఎక్కించాడా? చదువు మానేసినవాడి మాట పట్టుకుని..."

"చదువే మానేశా మావయ్యా, చూడటం మానలేదు."

"వాణ్ణి వదిలెయ్. నాతో మాట్లాడు" అంది పిన్ని.

వాడు వెళ్లి కుళాయి కట్టేశాడు. చాలాసేపు గొట్టం చుట్టలు చుట్టాడు. చుట్టడం అయిపోయాక చేతులకి ఇంకేం పని దొరకలేదు.

"నలిపే వేశానక్కా. నలిపాననే అనుకున్నా. నువ్వు చూస్తే తిడతావని సంచిలోకి తోశా."

"నేను రోడ్డు మీద ఆపానా, ఆపానా అని అరుస్తుంటే?"

"నేను నీ మీద వెయ్యలేదు. నువ్వే వేసుకున్నావు. నేను తియ్యలేదు, అంతే."

పిన్ని గుమ్మం మెట్టు మీద కూర్చుంది. వాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు మర్చిపోయావంటే జనం అయ్యో అన్నారు. నేనంటే ఊరుకునేవాళ్లా? ఇప్పుడు తెలిస్తే మాత్రం పిల్లల్ని నా వ్యాను ఎక్కిస్తారా? చెప్పు. నాకున్నది ఇదొక్కటే."

"ఊరికి చెప్పమనలేదు. వాచీల బాబాయికి చెప్పు. ఆ ఒక్క మనిషికి. నీ నోటితో."

వాడు తలొంచుకుని, "సరే" అన్నాడు.

ఆదివారం వెళ్లాడు. పిన్ని ఇంట్లో ఏ పనీ ముట్టుకోకుండా కూర్చుంది. వాడు తొందరగానే తిరిగొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పావా?"

"చెప్పా. ఏడ్చేశా కూడా."

"ఏమన్నాడు?"

"క్షమించానన్నాడు."

పిన్ని వాడి తల నిమిరింది. ఆ పూట కడుపునిండా తింది. తర్వాత అటక మీది నుంచి పాత చేతిమిషను దింపి, నూనె పోసి, నాతో, "నీ యూనిఫాం ప్యాంటు ఇటు తే రా, అంచు ఊడి ఊరంతా ఊడుస్తోంది" అంది. కుడుతూ కూనిరాగం తీసింది. మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి తల వెనక్కి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న నేనూ ఆమెతో వాచీల బాబాయి ఇంటికి వెళ్లాను. ఒక్క గది. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో సమయం చూపిస్తోంది. వాటిని సరిచేసే చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని ఎదురుగా పీట వేసుకుని, కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని మందు రాయడం మొదలెట్టింది.

"నిన్న మీ తమ్ముడొచ్చాడమ్మా" అన్నాడు ఆయన.

"చెప్పాడు బాబాయ్."

"పాపం, బాగా ఏడ్చాడు. నువ్వు లోలోపల కుమిలిపోతున్నావట. ఇస్త్రీపెట్టె ఆపలేదన్న బాధ నిన్ను తినేస్తోందట. మా అక్కని క్షమించానని ఒక్కమాట అనండి బాబాయ్ అని చేతులు పట్టుకున్నాడు. అన్నాను. ఎప్పుడో క్షమించాను తల్లీ నిన్ను."

పిన్ని వేలు ఆగింది. ఆమె మళ్లీ రాయడం మొదలెట్టింది, ఒక్కో వేలూ, ఒక్కో కణుపూ. కుడిచెయ్యి పూర్తి చేసి ఆయన ఒళ్లో పెట్టింది.

"ఆ క్షమించానన్న మాట వెనక్కి తీసుకోండి బాబాయ్."

"అదేం మాట?"

"నేను ఇస్త్రీపెట్టె ఆపే వచ్చాను. పెట్టె కింద గుడ్డ కాలలేదు. ఆపకపోతే ముందు అదే కాలేది."

ఆయన జాలిగా నవ్వాడు. "మర్చిపోవడం ఎవరికైనా ఉంటుందమ్మా. నేనేమీ అనుకోవడం లేదు."

"మర్చిపోలేదు."

"తాతయ్యా, నిజం ఏంటంటే మా మావయ్య..." అని నేను అందుకున్నాను.

"నువ్వాగరా" అని కసిరింది పిన్ని. "వాడిది వాడే చెప్పాలి. మళ్లీ పంపిస్తా. చెప్పేదాకా పంపిస్తూనే ఉంటా. నా సంగతి మాత్రం నేను చెబుతున్నా. నేను కాదు బాబాయ్."

ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. తన చేతుల వైపు చూసుకున్నాడు. మళ్లీ పిన్ని వైపు చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు.

"నువ్వు కాకపోతే, ఇన్నాళ్లూ రోజూ ఎందుకొచ్చావు?"

"నేనే అనుకుని."

"మరి ఇవాళ?"

పిన్ని సీసాలోంచి ఇంకాస్త మందు అరచేతిలోకి వంపుకుంది. "ఎడమచెయ్యి ఇవ్వండి."

ఆయన ఎడమచేతిని కుడిచేతి కిందకి లాక్కున్నాడు. "అడుగుతున్నా కదా. ఇవాళ దేనికొచ్చావు?"

ఆమె అరచేతిలో మందు వేళ్ల సందుల్లోంచి జారి చీర మీద పడుతోంది. తుడుచుకోలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచింది.

"ముందు చెయ్యి ఇవ్వండి బాబాయ్" అంది.

ఆయన ఇవ్వలేదు.